గుర్రమెక్కే బండి

యూసుఫ్‌గూడ చెక్‌పోస్టు దగ్గర కాసేపు నిలబడితే చాలు, హైదరాబాద్‌లో తిరిగే బండ్లన్నీ కళ్లముందు నుంచి పోతాయి. తలమీద మెట్రో, కింద సిటీ బస్సు, దాని వెనక షేర్ ఆటో, సందు దొరికితే దూరిపోయే బైకులు. పక్క గల్లీలోంచి ముక్కు మాత్రం బయటపెట్టి, ఎవరైనా దారిస్తారేమోనని చూసే జనరేటర్ వ్యాను. కృష్ణానగర్ ఆనుకునే ఉంది కాబట్టి సినిమా బండ్లకు ఇక్కడ కొదవ లేదు. లైట్లు మోసేదొకటి, కెమెరా సామాను మోసేదొకటి, జూనియర్ ఆర్టిస్టులను పొద్దున్నే ఎక్కించుకుపోయేదొకటి, హీరోగారు సేదతీరే క్యారవాన్ ఇంకొకటి. ఎదురుగా ఆటో వస్తే ఆగిపోవాల్సిన గల్లీలోంచి ఆ పొడుగాటి క్యారవాన్‌ను గీత పడకుండా వెనక్కి తీసే డ్రైవర్లు ఈ పేటలో ఉన్నారు. వాళ్ల పని చూస్తే ముచ్చటేస్తుంది.

లగ్గాల కాలంలో ఈ వరసలోకి మరో బండి వచ్చి చేరుతుంది. ఫంక్షన్ హాలుకు కాస్త ఇవతల, ఏ మట్టికుప్ప పక్కనో, ఫుట్‌పాత్ ఎత్తుగా ఉన్నచోటో చూసుకుని ఆగుతుంది. చాలాసార్లు అది సరుకు మోసే మామూలు డీసీఎం వ్యాను. నిన్న అందులో ఇటుకలు వచ్చి ఉండొచ్చు, రేపు ఉల్లిగడ్డలు పోవచ్చు. వెనక తలుపు దించితే లోపల తెల్లగుర్రం. గుర్రాన్ని చూసుకునే సైస్ ముందు తాను దిగి తాడు వదులు చేస్తాడు. "అన్నా, జర ఎనకకు... ఇంకింత... బస్, బస్" అంటూ బండి వెనక అంచును మట్టికుప్పకు ఆనిస్తాడు. గుర్రం వెంటనే దిగదు. తల వంచి అంచు వాసన చూస్తుంది. ముందుకాలి గిట్టతో ఇనుప రేకును ఒకటికి రెండుసార్లు తడుతుంది. లాడం రేకుమీద జారి కీచుమంటే దాని చెవులు రెండూ వెనక్కి వాలిపోతాయి. నాలుగు కాళ్లూ దగ్గరకు తెచ్చుకుని ఉన్నట్టుండి దూకేస్తుంది. తాడు పట్టుకుని సైస్ దాంతోపాటే నాలుగడుగులు పరుగెత్తుతాడు. ఆ తర్వాత జరీ గుడ్డ, నుదుట కుచ్చు, లైట్లు, బ్యాండు. పెళ్లికొడుకు ఎక్కేటప్పుడు ఫోన్లన్నీ పైకి లేస్తాయి. గుర్రం బండి దిగినప్పటి ఫొటో మాత్రం ఏ ఆల్బమ్‌లోనూ ఉండదు.

ఒంట్లో బాగున్న గుర్రానికే ఇంత తతంగం. అదే గుర్రం ఓ రాత్రి రోడ్డుమీద కాలు విరిగి పడితే? ముసలిదై, జీను రాపిడికి వీపంతా పుండ్లు పడి, ఎవరికీ అక్కర్లేక ఏ ఖాళీ స్థలంలోనో నిలబడిపోతే? జాలిపడేవాళ్లు యూసుఫ్‌గూడలో బోలెడుమంది ఉన్నారు. ఫోన్ చేసేవాళ్లూ ఉంటారు. సూది వేయడానికి డాక్టరూ దొరకొచ్చు. దొరకనిది బండి. నాలుగు క్వింటాళ్ల ప్రాణిని బెదరగొట్టకుండా, ఇంకో కాలు విరగ్గొట్టకుండా నేలమీంచి తీసుకెళ్లి నీడకు చేర్చే బండి. జంతువులకు ఆశ్రయం కట్టాలనుకునేవాళ్లు ముందు స్థలం వెతుకుతారు, తర్వాత షెడ్డు వేస్తారు, తర్వాత బోర్డు పెడతారు. గుర్రాల విషయంలో ఈ వరస తిరగేయాలి. ముందు బండి కావాలి.

ఈ మాట యూసుఫ్‌గూడ నుంచే చెప్పడానికి కారణం ఉంది. అటు అమీర్‌పేట, ఇటు జూబ్లీహిల్స్ గుట్ట. అమీర్‌పేట నుంచి మధురానగర్ మీదుగా వస్తే పోలీసు ఫస్ట్ బెటాలియన్, 1962లో హైదరాబాద్‌కు వచ్చిన చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ప్రాంగణం, కోట్ల విజయభాస్కర్‌రెడ్డి ఇండోర్ స్టేడియం, మాజీ గవర్నర్ కృష్ణకాంత్ పేరుతో పార్కు. ఇవి ఉన్నంత మేరా చెట్లు, గాలి, కాస్త జాగా. దాటితే గోడకు గోడ, మెట్టుకు మెట్టు. 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రో నడిచాక రోడ్డు నడుమ స్తంభాలు స్థిరపడిపోయాయి. బెటాలియన్ మైదానంలో సినిమా వేడుక ఉన్న రోజు సంగతి చెప్పనే అక్కర్లేదు. 2021 డిసెంబర్‌లో 'పుష్ప' వేడుక, 2022 ఫిబ్రవరిలో 'భీమ్లా నాయక్' వేడుక ఇక్కడే జరిగాయి. అలాంటి సాయంత్రాల్లో ఈ దారిన ఇంటికి పోవాల్సినవాళ్లకు తలప్రాణం తోకకొస్తుంది.

గుట్టెక్కి జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 35కి వెళ్తే బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్. 1992లో అమల అక్కినేని మొదలుపెట్టిన ఈ సంస్థ వల్లే, దెబ్బ తగిలిన వీధి కుక్కకూ ఒక ఫోన్ నంబర్ ఉంటుందన్న సంగతి నగరానికి తెలిసింది. యూసుఫ్‌గూడ నుంచి అది కూతవేటు దూరం. కుక్కను గోనెసంచిలో చుట్టి ఆటోలో తీసుకెళ్లొచ్చు, పిల్లిని అట్టపెట్టెలో పెట్టుకుని బైకుమీదే పోవచ్చు. గుర్రాన్ని ఆ కూతవేటు దూరం దాటించడమే గగనం.

ఇంతకీ నగరంలో ఇప్పుడు గుర్రాలెక్కడున్నాయి అనేవాళ్లుంటారు. పేటల పేర్లలోనైతే నిండుగా ఉన్నాయి. మాసబ్‌ట్యాంకు దగ్గర నిజాం అశ్వికుల పేరుమీద ఫస్ట్ లాన్సర్ ఉంది, ఆ పక్కనే ఆఫ్రికన్ కేవలరీ గార్డుల పేరుమీద ఏసీ గార్డ్స్ ఉంది. గోషామహల్ వైపు వెళ్తే ఏకంగా గుర్రం సమాధి పేరుతోనే గోడేకీఖబర్ అనే పేట ఉంది. పేర్లు అలా ఉంచితే, మలక్‌పేట రేసుకోర్సులో రోజూ తెల్లవారుజామున గుర్రాలు పరుగెడతాయి. పోలీసులకు అశ్వదళం ఉంది. శివార్లలో స్వారీ నేర్పే బళ్లు వెలిశాయి. పాముకాటు మందు తయారీకి కావాల్సిన రక్తరసం ఇచ్చేవీ గుర్రాలే, ఆ మందు తయారుచేసే కంపెనీ తెలంగాణలో ఉంది. బరాత్‌కూ, సినిమాకూ గుర్రాలు ఉండనే ఉన్నాయి.

సినిమా అంటే ఒక కేసు గుర్తొస్తుంది. 2021లో హైదరాబాద్ శివార్లలో 'పొన్నియిన్ సెల్వన్' యుద్ధ సన్నివేశాలు తీస్తుండగా ఒక గుర్రం చనిపోయింది. అబ్దుల్లాపూర్‌మెట్ పోలీసులు కేసు పెట్టారు. షూటింగ్‌లో జంతువుల్ని వాడాలంటే జంతు సంక్షేమ మండలి అనుమతి కావాలని 2001 నిబంధనలు చెబుతాయి. గుర్రం కెమెరా ముందు ఉన్నంతసేపూ ఏదో ఒక చూపు దానిమీద ఉంటుంది. సెట్టుకు వచ్చేటప్పుడు, సెట్టు నుంచి పోయేటప్పుడు బండిలో దాని పరిస్థితిని చూసే కన్ను అంత సులభంగా దొరకదు.

వీటిలో రేసుగుర్రం ఒక్కదానికే దర్జా. లక్షలు పోసి కొన్నది కాబట్టి పుణె వెళ్లినా, బెంగళూరు వెళ్లినా దానికి ఫ్లోట్ అనే ప్రత్యేకంగా కట్టిన బండి వస్తుంది. లోపల మెత్త, పక్కన సైస్, ముందర గడ్డి వల. ఏడెనిమిదేళ్లకు రేసులు అయిపోతాయి. గుర్రం ఆయుష్షు పాతికేళ్ల పైమాట. ఆ మిగిలిన కాలంలో కాళ్లు ఒప్పుకుంటే స్వారీ బడి, కాకపోతే బరాత్, అదీ కాకపోతే ఎవరి దయో. మొదటి ప్రయాణం ఫ్లోట్‌లో చేసిన గుర్రం చివరి ప్రయాణం ఇటుకల డీసీఎంలో చేయడం ఇందువల్లే. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని మనవాళ్లు ఊరికే అనలేదు. పని చేయని గుర్రమూ తిండి తింటుంది. గుగ్గిళ్ల ఖర్చు భరించలేని యజమానికీ, దాన్ని తీసుకుంటామని ముందుకొచ్చే ఆశ్రయానికీ మధ్య మిగిలేది రవాణా ఒక్కటే.

చట్టం ఏం చెబుతోంది

గుర్రం ప్రయాణం గురించి మన చట్టానికి పట్టింపు లేదనుకుంటే పొరపాటు. జంతు రవాణా నిబంధనలు 1978 నుంచీ ఉన్నాయి, వాటిలో అశ్వజాతికి ఒక భాగమే కేటాయించారు. ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉందని పశువైద్యుడి సర్టిఫికెట్ ఉండాలి. ఎక్కించే ముందు మేత, నీళ్లు పెట్టాలి. చూలు గుర్రాలను, పిల్లలను మిగతావాటితో కలపకూడదు. లారీలో నాలుగు నుంచి ఆరు గుర్రాలకు మించకూడదు. గుర్రానికీ గుర్రానికీ మధ్య కనీసం 8 సెంటీమీటర్ల మందం వెదురు బొంగు కట్టాలి. తలలు ఎడమవైపు ఉండాలి, ఎందుకంటే కుడివైపు ఎదురొచ్చే బండ్లు పోతుంటాయి. వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటకూడదు. రైలుకైతే ఇంకా ముచ్చటైన ఏర్పాట్లు రాశారు. ఎండ మండిపోతుంటే వ్యాగన్లమీద నీళ్లు చల్లాలి, పశువైద్యుడు సూచిస్తే లోపల మంచుదిమ్మలు పెట్టొచ్చు. రాసినవాళ్లెవరో గుర్రం పక్కన నిలబడి రాసినట్టున్నారు.

వెదురు బొంగుల కాలం నుంచి కొలతల కాలానికి 2015లో వచ్చాం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 125-ఇ చేర్చి, పశువులను మోసే బండిలో శాశ్వతమైన అరలు ఉండాలన్నారు. ఆవుకు, గేదెకు 2 చదరపు మీటర్లు, మేకకు, గొర్రెకు 0.3, గుర్రానికి 2.25. అలా అరలు కట్టిన బండిలో వేరే సరుకు వేయకూడదు. అంటే నిన్న ఇటుకలు, ఇవాళ గుర్రం, రేపు ఉల్లిగడ్డలు కుదరవు. చట్టం లెక్క ప్రకారం గుర్రం బండి గుర్రం బండిగానే ఉండాలి. మిగతా రోజుల్లో ఖాళీగా నిలబడి ఉండాలి. సొంతంగా కొనుక్కునేవాళ్ల గుండె గుభేలుమనేది ఇక్కడే.

35 కిలోమీటర్ల సంగతికి వస్తే, యూసుఫ్‌గూడలో ఆ నిబంధనను మీరడం పగలు ఎవరివల్లా కాదు. దూరప్రయాణంలోనే అది బరువెక్కుతుంది. 2025 ఏప్రిల్ చివర, మే మొదట్లో 57 గుర్రాలను హైదరాబాద్ నుంచి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్‌కు రోడ్డుమీద తరలించారు. వాటిలో ఎనిమిది ఆ మే నెలలోనే చనిపోయాయి, తర్వాత ఆ సంఖ్య పెరిగింది. గ్లాండర్స్ అనే అంటురోగమేమోనని నమూనాలను హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపారు. వ్యవహారం మధ్యప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్లింది. చావులకు కారణమేమిటో, తప్పెవరిదో తేల్చాల్సింది కోర్టూ డాక్టర్లూ. నా దృష్టి దూరంమీద ఉంది. నాగ్‌పూర్ మీదుగా జబల్‌పూర్ ఏడెనిమిది వందల కిలోమీటర్లు. గంటకు 35 చొప్పున నడిపితే ఎక్కడా ఆగకపోయినా ఇరవై గంటల పైమాటే. ఆపైన మేతకు, నీళ్లకు ఆగాలి. మన ఎండల్లో, ఏప్రిల్ చివర.

ఆ ఇరవై గంటల్లో గుర్రం ఒంట్లో ఏం జరుగుతుందో తెలిస్తే నిబంధనలు ఛాదస్తంగా కనిపించవు. బండిలో గుర్రం పరిస్థితి, రాడ్డు పట్టుకోకుండా సిటీ బస్సులో నిలబడ్డ మనిషి పరిస్థితి ఒకటే. ప్రతి మలుపుకూ, ప్రతి బ్రేకుకూ కాళ్లతో కాచుకుంటూనే ఉంటుంది. దాని బరువులో సగం కంటే ఎక్కువ ముందుకాళ్ల మీదే పడుతుంది కాబట్టి సడన్ బ్రేకు దానికి శిక్ష. నిలబడే కునుకు తీయగలదు కానీ, కదులుతున్న బండిలో ఆ కునుకూ ఉండదు. తలను పైకి లాగి పొట్టి తాడుతో గంటల తరబడి కట్టేస్తే ఊపిరితిత్తుల్లో చేరిన దుమ్ము, తెమడ కిందికి జారే వీలుండదు. మేతకు వంగినప్పుడే గుర్రం ముక్కూ గొంతూ శుభ్రపడతాయి. వంగనివ్వకపోతే ప్రయాణం అయిన ఒకటి రెండు రోజులకు జ్వరం, దగ్గు, ఆపైన న్యుమోనియా. గుర్రాలవాళ్లు దీన్ని షిప్పింగ్ ఫీవర్ అంటారు. ఇంకోటి, గుర్రం వాంతి చేసుకోలేదు. నీళ్లు తాగక పేగులో మేత గడ్డకడితే కడుపునొప్పితో నేలమీద పొర్లుతుంది, కొన్నిసార్లు దాంతోనే పోతుంది. కొత్త ఊరి నీళ్ల రుచి నచ్చక తాగడం మానేసే గుర్రాలూ ఉన్నాయి. అందుకే తెలిసినవాళ్లు ఇంటి నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకెళ్తారు.

ట్రైలరా, డీసీఎమ్మా

అమెరికాలో గుర్రాలకు ఆశ్రయమిచ్చేవాళ్ల ఫొటోలు చూస్తే ముందు ఒక పెద్ద పికప్, వెనక అంతకు రెండింతల పొడవైన ట్రైలర్ కనిపిస్తాయి. చిన్న ట్రైలర్లను పికప్ వెనక బంపర్ దగ్గర కొక్కేనికి తగిలిస్తారు. నాలుగు, ఆరు గుర్రాలు పట్టే పెద్దవాటికి పొడుగాటి మెడ ఉంటుంది, దాని కొక్కెం పికప్ ట్రక్కు మధ్యలో, వెనక ఇరుసు పైన కూర్చుంటుంది. బరువు ఇరుసుమీద పడుతుంది కనుక ట్రైలర్ అటూ ఇటూ ఊగిసలాడదు. బంపర్ కొక్కెం రకంలో ట్రైలర్ బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా కొక్కెంమీద పడేలా చూసుకోవాలి. తక్కువైతే వెనక భాగం పాములా మెలికలు తిరుగుతుంది, ఎక్కువైతే పికప్ ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ మాట వినదు. గుర్రం బస్తా కాదు, ఒక చోట పెడితే ఉండదు, కాలు మార్చుకుంటూ ఉంటుంది. కాబట్టి ఈ లెక్క ప్రయాణం పొడుగునా మారుతూనే ఉంటుంది.

అలాంటి ట్రైలర్‌ను యూసుఫ్‌గూడకు తెస్తే? వెనక్కి తీసేటప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పితే ట్రైలర్ దానికి వ్యతిరేకంగా పోతుంది. కృష్ణానగర్ గల్లీలో మూడు స్కూటర్లు, ఒక ఇస్త్రీ బండి, ఒక ట్రాన్స్‌ఫార్మర్ నడుమ ఆ విన్యాసం చేయించగలిగేది మన క్యారవాన్ డ్రైవర్లే, వాళ్లకైనా కష్టమే. ట్రైలర్‌కు విడిగా రిజిస్ట్రేషన్, విడిగా నంబరు. మెట్రో స్తంభాల మధ్య యూటర్న్ దగ్గర ఒక్కసారి ఇరుక్కుంటే అమీర్‌పేట దాకా బండ్లు నిలిచిపోతాయి.

అయినా ట్రైలర్‌ను తీసిపారేయలేం. దానికున్న ఒక్క గుణం ముందు మిగతావన్నీ చిన్నవి: నేలకు దగ్గరగా ఉంటుంది. కింద ఇంజన్ శక్తిని మోసే ఇరుసులు లేవు కాబట్టి దాని నేల అడుగున్నర ఎత్తులో పెట్టొచ్చు. డీసీఎం నేల మూడు, మూడున్నర అడుగుల ఎత్తు. కుంటే గుర్రం ఎక్కాలంటే వాలు ఇరవై డిగ్రీలకు మించకూడదనుకుందాం. ట్రైలర్‌కు నాలుగున్నర అడుగుల ర్యాంపు సరిపోతుంది. డీసీఎంకు తొమ్మిది, పదడుగులు కావాలి. పదడుగుల ర్యాంపు వేయాలంటే బండి వెనక ఇంకో పదిహేనడుగుల ఖాళీ రోడ్డు ఉండాలి, అక్కడికి గుర్రం నిదానంగా నడిచి రావాలి. గల్లీకి డీసీఎం నయం, గుర్రానికి ట్రైలర్ నయం. ఈ చిక్కుముడి విప్పకుండా చెక్కు రాయకూడదు.

నన్నడిగితే నగరం లోపల తిరగడానికి డీసీఎమ్మే మేలు, కానీ బాడీని గుర్రం కోసమే కట్టించాలి. పదిహేడడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు బాడీ అంటే పదకొండు చదరపు మీటర్లు. 125-ఇ లెక్కన నాలుగు గుర్రాలు, సైస్ నిలబడే చోటు. ఆశ్రయానికైతే రెండు అరలే చాలు, అడ్డుతలుపు తీసేస్తే పడుకున్న గుర్రానికి నిండా చోటు ఉంటుంది. గుర్రం తల ఎత్తినా తగలకుండా లోపల ఏడడుగుల ఎత్తు కావాలి. నేల ఎత్తు కలిపితే పదిన్నర అడుగులు. మన గల్లీల్లో వేలాడే తీగల కింద ఇది ఆలోచించాల్సిన అంకె. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తీగ తగిలి ఐదుగురు చనిపోయారు. ఇనుప బాడీ బండి తీసుకెళ్లేవాళ్లు ముందుగా ఒకరు నడిచి తలెత్తి చూసుకుంటూ పోవడం నామోషీ కాదు.

బాడీ కట్టే పనివాళ్లకు మనకు లోటు లేదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే చేతులు వేరే రాష్ట్రాలకూ బండ్లు పంపాయి. వాళ్లకు కొత్తగా చెప్పాల్సినవి కొన్నే. నున్నగా ఉండే రేకు నేల వద్దు, దళసరి చెక్క, దానిమీద గరుకు రబ్బరు. ర్యాంపుమీద అడుగడుగునా అడ్డపట్టీలు, రెండువైపులా గోడలు, ఎందుకంటే గుర్రం పక్కన ఖాళీ కనిపిస్తే అటు దూకుతుంది. ఛాతీ ఎత్తున మెత్త కట్టిన అడ్డకడ్డీ, వెనక ఇంకోటి. ఎక్కడా పదునైన మేకు, బోల్టు తల బయటికి రాకూడదు. వెలుతురు ముఖ్యం, చీకటి గుహలోకి వెళ్లమంటే ఏ గుర్రమూ వెళ్లదు. లోపల లైటు వేసి, ముందు తలుపు తెరిచి ఉంచితే అవతలి వెలుగు చూసి అడుగేస్తుంది. మనిషి తప్పించుకుని బయటపడేందుకు పక్కన చిన్న తలుపు. ఇది మరిచిపోయి కట్టించినవాళ్లు గుర్రానికీ గోడకూ మధ్య ఒకసారి ఇరుక్కున్నాక గుర్తు చేసుకుంటారు.

పడిపోయిన గుర్రానికి ఇవేవీ సరిపోవు. లేవలేని గుర్రాన్ని కాళ్లకు తాడు కట్టి లాగడం, తోక పట్టి ఎత్తడం మన వీధుల్లో తరచూ జరిగే పని. జాలితోనే చేస్తారు, ఉన్న ప్రాణం పోగొడతారు. సరైన పద్ధతి పడుకున్న గుర్రం వీపు కిందికి దళసరి ప్లాస్టిక్ పలకనో, టార్పాలిన్‌నో నెట్టి, పట్టీలు బిగించి, పలకతో సహా జరపడం. తలకింద మెత్త, కళ్లమీద గుడ్డ. డాక్టర్ మత్తు ఇస్తేనే కదిలించాలి. బండిలో చేత్తో తిప్పే విన్చ్ ఉంటే పలకను ర్యాంపుమీదుగా నిదానంగా పైకి లాగొచ్చు. మనుషులు గిట్టల వైపు కాకుండా వీపు వైపు నిలబడాలి. ఎక్కువసేపు ఒకే పక్కన పడుకుంటే గుర్రం తన బరువుకు తానే నలిగిపోతుంది, కింది కండరాలు చచ్చుబడతాయి, కింది ఊపిరితిత్తి మూసుకుపోతుంది. కాబట్టి బండి వచ్చేదాకా చుట్టూ మూగి వీడియో తీయడంకన్నా, డాక్టర్ చెప్పినట్టు ఛాతీమీద ఆనించి కూర్చోబెట్టడం మేలు చేస్తుంది.

ప్రభుత్వానికి ఈ సంగతులు తెలియవని కాదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం 1962 నంబరుతో 100 సంచార పశువైద్య వాహనాలను పల్లెలకు పంపింది. 2022లో ఆంధ్రప్రదేశ్ కూడా 175 వాహనాలతో మొదలుపెట్టింది, పశువును పైకి ఎత్తే హైడ్రాలిక్ లిఫ్టుతో సహా. రైతు గేదె కోసం ఆలోచించి చేసిన ఏర్పాట్లు అవి, మంచివే. నగరం నడిబొడ్డున పడిపోయిన బరాత్ గుర్రం ఆ ఆలోచనలో లేదు. నారాయణగూడ పశువుల ఆసుపత్రి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఉన్నది ఈ ఊళ్లోనే. పంజగుట్ట, మెహదీపట్నం మీదుగా రాజేంద్రనగర్ వెళ్లడానికి రాత్రయితే గంట పట్టదు. పగలైతే పెద్ద లారీలకు నగరంలో అనుమతే లేదు.

కొన్నాక కథ

బండి కొనడానికి దాతలు దొరుకుతారు. తలుపుమీద పేరు రాయించుకోవచ్చు, రిబ్బన్ కత్తిరించొచ్చు. ఆ తర్వాతే అసలు ఖర్చు. గుర్రం మూత్రం చెక్కను కుళ్లబెడుతుంది, ఇనుమును తినేస్తుంది. పైన రబ్బరు పరిచి ఉంటుంది కాబట్టి కింద కుళ్లు కనపడదు. ఏడాదికి రెండు మూడుసార్లు రబ్బరు మొత్తం ఎత్తి, చెక్కను స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడాలి. దిగబడితే ఆ పలక మార్చాల్సిందే. నడుస్తున్న బండిలో నేల విరిగి గుర్రం కాలు రోడ్డుకు తగిలిన ఘోరాలు విదేశాల్లో జరిగాయి. తిరిగే బండికి టైర్లు అరుగుతాయి, నిలబడే బండికి పగుళ్లిస్తాయి. గాట్లు అరగలేదు కదా అని పాత టైర్లతో బయల్దేరకూడదు. ప్రతి ప్రయాణం తర్వాత కడిగి, మందునీళ్లు చల్లాలి, లేకపోతే ఒక రోగి గుర్రం వదిలిన క్రిమి తర్వాతి గుర్రానికి అంటుతుంది. గ్లాండర్స్ మనుషులకూ వస్తుంది. బ్యాటరీ, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, అన్నిటికీ తేదీలుంటాయి. బండి కదలకపోయినా తేదీలు కదులుతాయి.

అన్నిటికన్నా దొరకనిది డ్రైవర్. లైసెన్సు విషయంలో కొంత వెసులుబాటు వచ్చింది. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా వాహనాన్ని లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతోనే నడపొచ్చని 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఖాయం చేసింది. చిన్న డీసీఎంకు ఇది చాలు. అయితే లైసెన్సు వేరు, గుర్రాన్ని నడిపే చెయ్యి వేరు. స్పీడ్ బ్రేకర్ దగ్గర బ్రేకు తొక్కడం మానేసి ముందే యాక్సిలరేటర్ వదలాలి. మలుపు సగం తిరిగాక కాదు, మొదట్లోనే వేగం తగ్గాలి. సిగ్నల్ పడేలా ఉందని పరుగు తీయకూడదు. కొత్త డ్రైవర్‌కు స్టీరింగ్ ఇచ్చే ముందు ఒక్కసారి వెనక అరలో, గుర్రం నిలబడే చోట నిలబెట్టి యూసుఫ్‌గూడ నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా తీసుకెళ్తే చాలు. ఆ పాఠం వేరే చెప్పక్కర్లేదు. కృష్ణానగర్ క్యారవాన్ డ్రైవర్లలో సగం మందికి ఆ నేర్పు ఇప్పటికే ఉంది. వెనక మేకప్ వేసుకుంటున్న హీరోయిన్ చేతిలో కాటుక పుల్ల ఉంటుంది కాబట్టి వాళ్లు ఏళ్లుగా ఇలాగే నడుపుతున్నారు. వాళ్లకు సినిమావాళ్లు ఇచ్చే రోజు బత్తా ఆశ్రయమూ ఇవ్వగలగాలి, అంతే. దాతల కరపత్రాల్లో బండి ధర ఉంటుంది, షెడ్డు ధర ఉంటుంది. డ్రైవర్ జీతం గడి ఉండదు.

ఖర్చు తిరిగి రాబట్టుకునే దారి ఒకటుంది, అది చాలామంది వాడుకోరు. హింసకు గురైన జంతువును పోలీసులు స్వాధీనం చేసుకుని ఆశ్రయానికి అప్పగిస్తే, కేసు తేలేదాకా దాని రవాణా, పోషణ, వైద్యం ఖర్చులు నిందితుడి మీద వేయొచ్చని 2017 నాటి కేసు ఆస్తి జంతువుల నిబంధనలు చెబుతున్నాయి. అసలు జంతు హింస నివారణ చట్టం కింద మొదటి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై దాకానే, 1960 నాటి ధర. ఖర్చుల బిల్లు మాత్రం ఇవాళ్టి ధరలోనే ఉంటుంది. అందుకు కాగితం కావాలి. బయల్దేరిన టైము, మీటర్ రీడింగు, ఎక్కించిన చోటు, డాక్టర్ పేరు, నీళ్లు పెట్టిన చోట్లు, దింపిన టైము. సీటు పక్కన లాగ్‌బుక్కు, దానికి దారంతో కట్టిన పెన్ను, డ్రైవర్ సంతకం, సైస్ వేలిముద్ర.